ఎకరానికి ఒకటి

పద్మనాభం దాటాక, గోస్తని గట్టు దిగువన
మూడు మడులు కొలిచి తాడు కట్టాను.
చవితి వెళ్ళిన వారం. నేలలో ఇంకా పదునుంది.
ఒక మడికి ఎకరానికి రెండు కిలోల లెక్కన చోడి విత్తనం,
ఇంకోదానికి మూడు,
చివరిదానికి అయిదు. అది పందెం లాంటిది.

దాలినాయుడు నా కాటా వైపు చూడనేలేదు.
ఇసకలో కలిపిన విత్తనాన్ని మూడు వేళ్ళతో తీసి
"గింజకి గింజ అవుపడాల గాని
రాసుకోకూడదమ్మా" అన్నాడు.
ఆ మాట ఏ గడిలో రాయాలో తెలియక
కాగితం అంచున రాశాను, చిన్న అక్షరాల్లో.

తిండికి వేసే చోడి వేరు, విత్తనానికి వేసే చోడి వేరు.
తిండికైతే గింజ నిండితే చాలు.
విత్తనానికి మాత్రం
వచ్చే ఏడాది దాకా నిద్రపోయి
పిలవగానే లేచే ఓపిక ఉండాలి.

తర్వాత యూరియా.
బస్తా కుట్టు లాగితే తెల్లగా జారింది.
అరచేతి చెమట తగిలి చల్లబడింది.
ఆ చల్లదనం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.
జ్ఞానాపురంలో, రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాన్న వీపు అది.
ఓడ కడుపులోంచి దిగిన గుట్టల్ని
లారీకిన్నని బస్తాలుగా మోసి మోసి
మెడ మీద ఉప్పురాళ్ళతో మెరిసేవాడు ఎల్లాజీ.
అమ్మ తడిగుడ్డతో తుడుస్తుంటే
"సల్లగుందే" అని నవ్వేవాడు.
మంట సంగతి చెప్పేవాడు కాదు.

అప్పట్లో బస్తా యాభై కిలోలు.
ఇప్పుడు నలభై అయిదు.
ఆ అయిదూ తగ్గేనాటికి
నాన్న మోత మానేసి రెండేళ్ళు.
నూటికి నలభై ఆరు పాళ్ళే నత్రజని అని చదివిన రోజు
మిగతా యాభై నాలుగూ ఎవరి బరువని
నోటు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేశాను.

పలచని మడి పిలకలేసింది,
ఖాళీ దొరికిన చోటల్లా మోచేతులు చాపింది.
ఒత్తు మడిలో మొక్కలు
గాజువాక బస్సులో నిలబడ్డవాళ్ళలా
పైకి మాత్రమే పెరిగాయి.
నాకు చెప్పకుండా నాయుడి అల్లుడు
దానికింకో తట్ట యూరియా చల్లాడు.
"ఆకు ఎలా నల్లబడిందో సూడండి!"
రోడ్డెంట పోయేవాళ్ళని ఆపి చూపించాడు.

కార్తీకంలో వాయుగుండం.
భీమిలి వైపు నుంచి రాత్రంతా గాలి.
పొద్దున్నకి ఒత్తు మడి చాపలా పరుచుకుంది.
కంకులు నీళ్ళలో. నాలుగో రోజుకి
కంకి మీదే తెల్లటి మొలకలు.
నాయుడు ఏమీ అనలేదు.
ఒక కంకి తుంచి నా పుస్తకంలో పెట్టాడు,
అల్లుడు అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

ఇంటి దగ్గర, తడిగుడ్డల్లో నూరేసి గింజలు.
పలచని మడిలో తొంభై మూడు లేచాయి.
మధ్యదాంట్లో తొంభై ఒకటి.
పడిపోయినదాంట్లో యాభై ఎనిమిది.
నాన్న కళ్ళజోడు వెతుక్కుని వచ్చి
తనూ ఒకసారి లెక్కపెట్టాడు,
మొలవనివాటిని.

"ఎకరానికి ఎన్ని బస్తాలు పడతాదే?"
"ఒకటి. మహా అయితే ఒకటింబావు."

కిటికీలోంచి పోర్టు క్రేన్ల వైపు
చాలాసేపు చూశాడు.
"ఒకటేనా" అన్నాడు.
"మరి అన్నెందుకు మోయించారేటి?"