రెండువందల తొమ్మిది

లిమరిక్‌లో వాన. కౌన్సిల్ ఆఫీసు అద్దం వెనక
కూర్చున్నామె పేరూ గ్రాన్యానే, నా పేరే.
"ఉన్నది ఇద్దరేగా" అంది.

ఇద్దరమే. హోటల్ గదిలో ఒక మంచం, ఒక కెటిల్,
గుడ్లు ఉడికేదీ అందులోనే.
ఊనా సాక్సులకి ఎండ, హెయిర్ డ్రయ్యర్.

నిరుడు మా నంబరు రెండువందల పన్నెండు.
ఇవాళ తొమ్మిది.
బస్సులో ఊనా వేళ్లు మడిచి
"ముగ్గురికి ఇల్లొచ్చేసిందమ్మా!" అని ఎగిరింది.
అవునన్నాను.
ఇల్లు రాకుండా కూడా
జాబితాలోంచి పేరు పోతుందని
ఏడేళ్ల పిల్లకి ఏ నోటితో చెప్పను?

రాత్రి నిద్రలో కాలు నా మీద పడేసింది.
జరిగితే గోడ తగిలింది.
అటువైపు ఎవరో దగ్గుతున్నారు,
దుప్పటి నోట్లో కుక్కుకుని,
పక్కన పిల్ల లేస్తుందేమోనని.

రెండువందల ఎనిమిదో,
పదో.