రాలేదు

పులియంతోపులో మూడో సందు మొగన
నా ఇస్త్రీ బండి.
పక్కనే కరెంటు స్తంభం,
దానికి తీగె చుట్టి
స్టేషనువాళ్ళు వేలాడదీసిన నోటుబుక్కు.
రాత్రి గస్తీకి వచ్చిన పోలీసు
వచ్చినట్టు అందులో సంతకం పెట్టాల.

మునుపటాయన సోమవారం పొద్దున వచ్చేవాడు.
టీ తాగతా ఏడు రాత్రులకీ
ఏడు సంతకాలు ఒక్కసారే గీకేసి
పెన్ను మూత పెట్టేవాడు.
నేను బొగ్గులు విసురుకుంటా చూసేదాన్ని.
మనకెందుకు?
ఆయన ఖాకీ చొక్కాలూ నా బండి మీదికే వచ్చేవి,
డబ్బులే వచ్చేవి కావు.

మా తమ్ముడు పెంచలయ్య
ఎవరిదో స్కూటరు పోయిందని
మూడు రోజులు స్టేషన్లో ఉండి వచ్చినాడు.
స్కూటరు ఆనక రెడ్‌హిల్స్‌లో దొరికింది.
వీడి ఎడమ మోకాలు మాత్రం ఎక్కడా దొరకలా.
అప్పట్నుంచి ఖాకీ కనపడితే చాలు
రోడ్డు అవతలికి దాటేస్తాడు,
ఆ కుంటికాలుతో, బస్సులకు అడ్డంపడి.
ఖాకీ గుడ్డ మీద పెట్టె ఆనించినప్పుడల్లా
ఒక్క క్షణం ఎక్కువ ఆనిద్దామా అనిపించేది.
కాల్చలా. గుడ్డ ఏం చేసింది.

ఎళిలరసి వచ్చింది ఆడి మాసంలో.
చిన్నపిల్ల, మా కోడలి ఈడుది.
సంతకం పక్కన టైము రాసేది:
1:50. 2:25. వాన, 3:10.
ఎన్నాళ్ళులే అనుకున్నా.
చేపల గుణవతి అయితే నవ్వింది,
మెత్తగా ఉందని పామును మెడలో వేసుకుంటావా అని.

ఒక బుధవారం పేజీలో సంతకం లేదు.
తమిళంలో రెండు ముక్కలు:
"రాలేదు. బిడ్డకు జ్వరం."
విసనకర్ర ఆపి మళ్ళా చదివినా.
మర్నాడు ఉతికి తెచ్చిన ఆమె ప్యాంటు జేబులో
ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి చీటీ, నానిపోయి.
ఆరబెట్టి, మడతపెట్టి, జేబులోనే పెట్టినా.
అన్ని సంతకాలున్న ఆ పుస్తకంలో
నేను నమ్మింది ఆ ఒక్క పేజీని.

ఇంకో రోజు తనే అడిగింది:
"నన్ను చూస్తే రోడ్డు దాటతాడే, ఎవరాయన?"
చెప్పినా. మోకాలుతో సహా చెప్పినా.
ఆమె బండి మీద ఉన్న తన చొక్కా వంక చూసింది.
"ఆ ఏడు నేను ఎనిమిదో క్లాసు అక్కా" అని,
కాసేపు ఆగి,
"అయినా చొక్కా అదేగా" అంది.
ఇంకేం అనలా.
ముప్పై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి పోయింది.

దీపావళి పోయిన వారం,
రాత్రి పదకొండప్పుడు సందులో అరుపులు.
సెల్‌ఫోను లాక్కుని పరిగెత్తిన పిల్లోణ్ణి
మా వాళ్ళే పట్టి ఆ స్తంభానికే కట్టేసినారు.
పదహారు కూడా ఉండవు. పెదవి చిట్లిపోయింది.
ఎవడో నా బండి కింద కర్ర లాగుతున్నాడు.
పెంచలయ్య అడ్డం పోయినాడు.
వాడే, మా పెంచలయ్యే,
నోటుబుక్కు వెనకట్ట మీది నంబరుకి
వణుకుతున్న వేలితో ఫోను కొట్టినాడు.

ఆమె వచ్చి కట్లు విప్పింది.
అప్పుడన్నాడు, ఆమె మొహం చూడకుండానే:
"నేనూ వస్తా స్టేషనుకి.
బయట బల్ల మీద కూర్చుంటా.
లోపల ఏం జరిగినా
నాకు వినపడతా ఉండాల."
"రా అన్నా" అంది.

తెల్లారి ఆరున్నరకు వచ్చినాడు.
నేను అడగలా. బొగ్గు రాజేస్తా ఉండా.
సగం టీ తాగి,
"వాళ్ళమ్మకు కబురు పెట్టినారు" అన్నాడు.
మిగతా సగం తాగి,
"కొట్టలా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె సందు మొగన కనపడింది.
పెంచలయ్య మళ్ళా అవతలికి దాటినాడు.
కాకపోతే ఈసారి
బస్సు పోయిందాకా ఆగి దాటినాడు.