కదలని చుక్క

మామునూరు రన్‌వే మీద నన్ను
మొదటిసారి ఒంటరిగ పంపేటప్పుడు
రహమతుల్లా సారు రెక్క పట్టుకొని అన్నడు:
"ఉరికేదానితోని భయం లేదు బిడ్డా,
అది పక్కపొంటి పోతది.
అద్దంల ఒక్కకాడనే నిలవడి
ఊకె పెద్దగైతాంటది సూడు,
గది నీకోసమే వస్తాంటది."

పైనుంచి ధర్మసాగరం ఒక తళుకు.
కాజీపేట పట్టాలు సగం అల్లి వదిలేసిన జడ.
ఎనుమాముల యార్డుల ఆరబోసిన మిర్చి
ఇంత ఎత్తుల కూడ కంట్ల మండింది.

ఎడమ మూలకు ఈగ మరక.
దస్తీతో తుడిచిన. పోలే.
మళ్లా తుడవబోయిన చెయ్యి
నడుమనే ఆగింది.

రేడియోల ఎవరో ఎవరికో ఎత్తు చెప్తున్నరు,
ఆ లెక్కల నేను లేను.
కుడికి వంచిన.
ఓరుగల్లు మొత్తం ఒక పక్కకు ఒరిగింది.
మరకకు రెక్కలొచ్చినయి, తోక వచ్చింది,
కిటికీల వరుస వచ్చింది.
ఒక కిటికీకి నుదురానించి నిద్రపోతున్న పిల్ల.
చూసిన్నో, ఉన్నదనుకున్ననో.
హైదరాబాదు దిక్కు దిగిపోయింది.
దాని గాలి నన్ను చాటల గింజ లెక్క చెరిగింది.

కిందికొచ్చినంక సారు ఏం అడగలే.
పుస్తకంల నలభై నిమిషాలని రాసి
తడిగుడ్డ తెచ్చి
అద్దం మీది ఈగ మరకను
(నిజంగనే ఒకటి ఉండె)
మెల్లగ తుడిచిండు.