నలుపు అని రాసిన సీసా

ట్రాబ్జోన్‌లో పొద్దుటి నుంచీ ముసురు.
రెమ్జీ గుండీల కొట్లో షుకూఫె
చంకలో పాత కోటుతో నిలబడింది.
ఛాతీ దగ్గర ఒక గుండీ లేదు.

"నల్లదే కదా, ఏదైనా ఒకటే" అన్నాడతను.
ఫర్క్ ఎత్మెజ్.
మా కరీంనగర్‌లో ఏం ఫరక్ పడదంటామే,
ఆ మాటే, ఇక్కడ
టీ గ్లాసు అంచు మీంచి.

ఆమె బదులు చెప్పలేదు.
సీసా ఒంపి ఏడు గుండీలు ఏరి
కిటికీ వెలుగులో పరిచింది.
ఒకటి తడిసిన బొగ్గు.
ఒకటి పాలు మాడిన గిన్నె అడుగు.
ఒకటి కాకి రెక్క,
అదీ ఎండకి తిరిగినప్పటిది.
ఒకదాన్లో, బాగా లోపల, ఎరుపు.

రెమ్జీ కళ్లజోడు తుడుచుకున్నాడు.
ముప్పై ఏళ్లుగా ఒకే చీటీ అంటించిన సీసా.
"ఫర్క్ ఎత్తిమ్" అన్నాడు చివరికి.
గమనించాను, అని.
మాటకి మాట పెడితే, తేడా చేశాను, అని.
చేస్తే తప్ప కనబడదు కాబోలు.

"కోటు ఎవరిది?"
ఎరుపు దాగినదాన్ని తీసుకుని
చిల్లర లెక్కపెట్టిందామె.

మిగిలిన ఆరింటినీ
ఏ సీసాలో వెయ్యాలో
అతనికింకా తోచలేదు.