ఉతికి ఆరేసినావిడ

టొలీడోలో శనివారం.
క్లీటస్ సెలూన్లో
కత్తెర ఆగిపోయి అరగంటయింది.
కుర్చీలో కూర్చున్నవాడికి సగం తలే అయింది,
వాడికీ ఆ సంగతి గుర్తులేదు.

“రూఫస్ కెల్లమ్ గనక ఇవాళ ఉంటేనా,
ఈ మాబ్రీని మూడో రౌండ్లో
ఉతికి ఆరేసేవాడు.”

“పోవయ్యా! కెల్లమ్ బరువెంత, నూట తొంభై పౌన్లు.
మాబ్రీ ఎడమ చెయ్యొక్కటే అంత తూగుతుంది.”
“మధ్యలో ట్రెంట్‌ని మింగేస్తారేం?
వాడి కాళ్ళు నేలకి ఆనేవా అసలు?”

డెబ్భై ఏళ్ళ ఎడాన్ని
చిటికెలో చెరిపేస్తారు వీళ్ళు.
చచ్చినవాణ్ణి లేపి గ్లవ్స్ తొడుగుతారు,
ముసలివాడి మోకాళ్ళకి ఇరవై మూడేళ్ళు పోస్తారు,
గంట కొడతారు.
అవతలివాడు మాత్రం ఎప్పుడూ
వీళ్ళు చెప్పినప్పుడే పడిపోతాడు.

గోడకి ఇవతల, లాండ్రీలో,
ఇస్త్రీ పెట్టె నిలబెట్టి
ఓటిలీ గ్రీర్ వింటుంది.
ఎనభై ఆరేళ్ళు.
ఉతికిందీ ఆరేసిందీ
నిజానికి ఆమె.

పై అంతస్తులో జిమ్.
పదకొండో ఏట అమ్మ వెనకాల మెట్లెక్కి
మొదటి బుట్ట దించింది.
కెల్లమ్ తువ్వాళ్ళు. పిండి సంచుల గుడ్డ,
అంచు మీద మిల్లు పేరు ఇంకా చెరగలేదు.
నెత్తురు చన్నీళ్ళకే వదులుతుంది,
వేన్నీళ్ళు తగిలితే పట్టుకుంటుంది:
అమ్మ నేర్పిన మొదటి పాఠం.
జనవరిలో ఈరీ సరస్సు గాలికి
తీగ మీద తువ్వాళ్ళు చెక్కల్లా బిగుసుకుని
టకటకా ఒకదాన్నొకటి కొట్టుకునేవి.
కెల్లమ్ కిటికీలోంచి తొంగిచూసి
“ఎవరు గెలుస్తున్నారే పిల్లా?” అనేవాడు.

ట్రెంట్‌వి తెల్లటివి,
అన్నీ హోటళ్ళలో కొట్టుకొచ్చినవే.
నెత్తురు తక్కువ. వాడికి తగిలితే కదా.
కానీ ఒక మూల ఎప్పుడూ నమిలి ఉండేది,
బళ్ళో పిల్లాడు చొక్కా కాలరు నమిలినట్టు.
పోటీ దగ్గరపడేకొద్దీ
రెండో మూల కూడా.
గెలుపుల పట్టిక వేసినవాళ్ళెవరూ
ఆ పంటి గుర్తులు లెక్కపెట్టలేదు.

మాబ్రీవి నల్లవి.
నలుపు మీద ఎరుపు కనపడదని
మేనేజరు ఏరి కొన్నాడు.
కంటికి కనపడదు, నీళ్ళకి తెలుస్తుంది.
ఈ నెల్లో తొట్టి మూడుసార్లు ఎర్రబడింది.
చెప్పాలో వద్దో
ఓటిలీ ఇంకా తేల్చుకోలేదు.

పందెం పది డాలర్లకి చేరింది.
క్లీటస్ తలుపులోంచి తల దూర్చాడు.
“అత్తా, ముగ్గుర్నీ చూసినదానివి నువ్వే.
చెప్పు, ఎవడు మొనగాడు?”

ఆమె కాసేపు ఆలోచించింది, నిజంగానే.
“కెల్లమ్ ప్రతి శుక్రవారం డబ్బులిచ్చేవాడు.
ట్రెంట్ పదకొండు డాలర్ల నలభై సెంట్లు
బాకీ పెట్టి పోయాడు.”
“మరి మాబ్రీ?”
“వాడిదింకా ఆరలేదు నాయనా.”

సెలూన్ అంతా ఘొల్లుమంది.
కత్తెర మళ్ళీ కదిలింది.

ఆ సాయంత్రం
బుట్టలోంచి ఒక నల్ల తువ్వాలు తీసి
తెల్ల బేసిన్లో ముంచింది.
నీళ్ళు రంగు తిరిగేదాకా చూసింది.
తువ్వాలు పిండి పక్కన పడేసి
బేసిన్ రెండు చేతులా పట్టుకుని
తొణక్కుండా మెట్లెక్కింది.

ఇరవై రెండు మెట్లు.
పదో మెట్టు మీద మోకాలు మొరాయించింది.
అంతలో పైన గంట మోగింది.
రౌండుకీ రౌండుకీ మధ్య
ఒక్క నిమిషం విరామం,
ఆమెక్కూడా.