నెరవని గొర్రె

మా లోయలో గొర్రెపిల్ల బొగ్గులా పుడుతుంది.
తల్లి నాకుతుంటే తడితడిగా మెరిసే నలుపు.
ఏడాది తిరిగేసరికి కాఫీ గింజ రంగు,
ఆ తర్వాత మొహం తెల్లబడి
ఒళ్ళు పెన్సిల్ ముక్కు రంగుకి దిగుతుంది.
మరీ ముసలిదయ్యాక
దాదాపు వట్టి కాగితమే.

హెర్డ్‌విక్ గొర్రెల్ని గీసేవాళ్ళకి ఇదొక సుఖం,
పెట్టెలో ఏ కడ్డీ తీయాలో
వయసే చెబుతుంది.

ఐజాక్ గాస్కార్త్ మార్చిలో వచ్చాడు.
బూట్లు గుమ్మం బయట విడిచి
తడి టోపీ మోకాలికి తొడిగి
గొర్రె బొమ్మ ఒకటి కావాలన్నాడు.
ఫోటో ఇమ్మన్నాను.
"రెండువేల ఒకటిలో
గొర్రెలకి ఫోటోలు ఎవరు తీశారమ్మా?"

ఆ సంవత్సరం పేరు వింటే
కంబ్రియాలో ఇంకేమీ అడగం.

చలికాలం మేతకి కొండ దింపి
సముద్రం పక్క పొలాలకి పంపిన ఏడాది పిల్లలు,
నూట నలభై.
గాలికుంటు పక్క పొలానికి వచ్చింది.
వీటికి రాలేదు.
వచ్చేదాకా ఆగలేదు, అంతే.

అందులో ఒకటి సీసా పాలతో పెరిగిందట.
కుడి చెవి కొసన చీలిక, ఎడమది నిండు చెవి.
గేటు గొళ్ళెం నాలికతో తీసేదట.
"దాన్ని గియ్యి. అప్పట్లా కాదు.
పన్నెండేళ్ళ ముసల్దాన్ని చేసి గియ్యి.
నెరిసుంటే ఎట్టా ఉండేదో, అట్టా."

నాకు వచ్చింది చూసి గీయడం.
కనురెప్ప వెంట్రుక ఒకటి తప్పితే
రాత్రి నిద్రపట్టని రకం మనిషిని.
జరగని ముసలితనాన్ని ఎక్కడ కూర్చుని చూడను?

ఆయన కొట్టంలో మూడు రోజులు కూర్చున్నాను,
దాని తల్లి వంశంలో మిగిలిన ఒక ముసలి గొర్రె ముందు.
కంటిపాప అడ్డంగా ఉంటుంది వీటికి,
మూసిన తలుపు కింద సందులా.
అందులో వెలుగు చుక్క
తర్వాత చెరిపి తెచ్చేది కాదు,
మొదటే వదిలిపెట్టాలి.

ఇంకు అయిపోయిన రీఫిల్‌తో
మూతి మీది నూగుని ముందే నొక్కాను.
కాగితం మీద ఏమీ లేనట్టే ఉంటుంది.
పైనుంచి నలుపు నడిచినప్పుడే
ఆ గాట్లు తెల్లగా లేస్తాయి.

ఈ కొండ కడుపులో గ్రాఫైట్ దొరికిన కొత్తలో
కాపర్లు దాంతో ఉన్ని మీద గుర్తులు పెట్టారట.
మా నాన్న ఈ కథ టూరిస్టులకి చెప్పి
టీ అమ్మేవాడు.

ఐజాక్ వెనక నిలబడి దిద్దించాడు.
"దవడ లోపలికి పోవాలి,
పళ్ళూడుంటాయి అప్పటికి."
మరి చూపు?
"నిన్ను చూడదది.
నీ వెనక గేటుని చూస్తది."

ముక్కుపుటాల దగ్గర
గ్రాఫైట్ ఎంత రుద్దినా మెరిసిందే గాని నల్లబడలేదు.
బొగ్గు కడ్డీ తీశాను.
ఆయన లేచి కిటికీ తెరిచాడు.
బయట జోరువాన.
బొగ్గు కడ్డీకి వాసనేం ఉండదు,
ఆ మాట నేను అనలేదు.
కిటికీ గట్టున పెట్టిన కాగితాలు తడిశాయి.

మా ముత్తాతలకి మందని లెక్కపెట్టే అంకెలు వేరే ఉండేవి.
యాన్, టాన్, టెథెరా.
ఇప్పుడవి గిఫ్ట్ షాపు కప్పుల మీద ఉంటున్నాయి.

తొమ్మిదో రోజు బొమ్మ ఇచ్చాను.
చాలాసేపు చెవి చూశాడు, తర్వాత దవడ.
కంటి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.
డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
చట్రం అంచున వేలితో ఒకసారి తట్టి
"యాన్" అన్నాడు.

టాన్ కోసం ఆగాను.

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.
గేటు గొళ్ళెం పడిన చప్పుడు.
కాసేపటికి
అదే గొళ్ళెం తీసిన చప్పుడు.