ముప్పై ఆరు

నా నియామక పత్రంలో పదకొండు అంశాలున్నాయి.
కింద గుండ్రటి ముద్ర, ఎవరిదో తొందరపాటు సంతకం.
పదకొండింటినీ ఒక్క సాయంత్రంలో కంఠతా పట్టాను.
పన్నెండోది మర్నాడు తెల్లవారుజామున
బాయిలర్ గది తలుపు దగ్గర ఎదురైంది.

అగ్గిపెట్టె ఇచ్చేముందు
ఎర్మెక్‌ని ఏదో ఒక మాట అడగాలి.
రాత్రి మంచు బాగా పడిందే, అనో
మీ ఆవు ఈనిందా, అనో.
అతను జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే చాలు
వాసన తెలిసిపోతుంది.
వోడ్కా లేకపోతే అగ్గిపెట్టె అతనికి.
ఉంటే పార నాకు.
నారిన్ లోయలో జనవరి
ఎవరి హోదానూ అడగదు.
రెండువందల పన్నెండు మంది వచ్చేసరికి
గోడలకు వెచ్చదనం ఎక్కాలి, అంతే.
పత్రంలో 'భవన నిర్వహణ' అని రెండే ముక్కలు.
వాటిలో అంత బొగ్గు పడుతుందని
నాకెవరూ చెప్పలేదు.

తోలోగోన్ మాస్టారు పటాల గదిలో ఏడుస్తున్న రోజు
తలుపుకి అడ్డంగా నిలబడి అందరికీ చెప్పాను,
లోపల రంగులేస్తున్నారు, ఎవరూ వెళ్ళొద్దని.
అరగంట తర్వాత ఆయన బయటికొచ్చి
"రంగు ఆరింది డైరెక్టర్ గారూ" అన్నాడు.
ఎందుకని నేను అడగలేదు.
అడగకపోవడమూ ఉద్యోగమే.
ఆ వారం గదికి నిజంగానే రంగు వేయించాల్సి వచ్చింది,
నా జీతంలోంచి.
నీలం.
అబద్ధానికి ఖరీదుంటుంది గదా.

ఇక ఆ అక్కాచెల్లెళ్ళ సంగతి.
హాజరు పట్టీలు పక్కపక్కన పెట్టి చూస్తే
సాల్కిన్ వచ్చిన రోజు నూర్జాత్ లేదు,
నూర్జాత్ వచ్చిన రోజు సాల్కిన్ లేదు.
బూట్లు మాత్రం ఏ రోజూ మానలేదు:
ఎడమ మడమ దగ్గర ఎర్రదారం కుట్టు,
సైజు ముప్పై ఆరు.

ఒకసారి కొత్తజత కొని పంపాను.
వాళ్ళమ్మ తిప్పి పంపింది,
అదే పెట్టెలో బూట్ల పక్కన
నాలుగు కురుత్ ఉండలు పెట్టి.
ఎండిన పెరుగు, రాయిలా గట్టిది, ఉప్పన.
ఆ ఉండలు తిన్నాను.
బూట్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

మా బడి రెండు పూటలు.
తొమ్మిదో తరగతి మొత్తాన్ని మధ్యాహ్నానికి మార్చేశాను.
పందొమ్మిది మంది పిల్లలు, నలుగురు టీచర్లు,
లెక్కల మాస్టారితో మూడు వారాల మాటల్లేని యుద్ధం.
చెల్లెలు పన్నెండున్నరకి వంతెన దాటి పరుగెత్తి
గుమ్మంలో బూట్లు విప్పితే
ఇంకా వెచ్చగా ఉన్న వాటిలో కాళ్ళు దూర్చి
అక్క బయల్దేరేది.
బిష్కెక్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడిగాడు,
ఈ మార్పెందుకని.
బల్లలు చాలట్లేదన్నాను.
టైంటేబుల్ అంచున పెన్సిల్‌తో రాసుకున్న అంకె మీద
టీ కప్పు పెట్టి.

మార్చిలో ఒక పొద్దున
కిటికీలోంచి చూస్తే
మంచులో రెండు జతల అడుగులు.
అక్క కాళ్ళకి మగవాళ్ళ బూట్లు,
పెద్దవి, గోధుమరంగువి,
నడిస్తే టపటపమంటున్నాయి.
వాళ్ళమ్మ కంబళ్ళు అమ్ముడుపోయాయేమో. నేనడగలేదు.
"నీ తరగతి మధ్యాహ్నం కదే?"
"తెలుసు ఎజె. ఊరికే వచ్చా."
ఎజె అంటే అక్క. ఇక్కడ టీచర్లందరం అక్కలమే.
వరండాలో హీటర్ పక్కన కూర్చుని
మధ్యాహ్నం దాకా
తన కాళ్ళు తనే చూసుకుంది.
దారిన పోయే పనులు కల్పించుకుని
నేనూ నాలుగుసార్లు చూశాను.

ఆ రాత్రి టైంటేబుల్ మళ్ళీ మొదట్నుంచి గీశాను.
అంచున ఉన్న ముప్పై ఆరుని గట్టిగా రుద్దితే
కాగితం కాస్త చిరిగింది.
రేపు లెక్కల మాస్టారు మీద పడతాడు,
మళ్ళీ ఎందుకు మార్చారని.
పడనీ.
బల్లలొచ్చాయని చెప్తాను.

అప్పుడిక
ఎక్కణ్ణుంచైనా
బల్లలు తేవాలి.